అడగండి చెబుతాను: థేమ్స్ ఒడ్డున ఒక సంత ఊరు

పోయిన నెల ఒక పాఠకురాలికి జవాబిస్తూ, పాత ఇంగ్లీషు నవలల్లో మాటిమాటికీ కనిపించే ‘మార్కెట్ టౌన్’ మన సంత ఊరులాంటిదేనని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరు అంత తేలిగ్గా వదులుతారా? ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క విషయానికే.

ముందే ఒక మాట. ఇంగ్లండులోని ఊళ్ళన్నిటి గురించీ మాట్లాడే అర్హత నాకు లేదు. మా అమ్మాయి రెడింగ్‌లో ఉంటుంది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక రెండు ఎండాకాలాలు అక్కడ గడిపాను. ఆక్స్‌ఫర్డ్ వెళ్ళే బస్సెక్కి, మధ్యలో వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో దిగిపోయేవాణ్ణి. మొదటిసారి పొరపాటున దిగాను, తర్వాత కావాలనే దిగాను. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది గానీ, 19వ శతాబ్దంలో బార్క్‌షైర్ ఊరు. వీధివీధీ తిరిగి చూసిన ఊరు అదొక్కటే కాబట్టి నా జవాబులన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

ప్ర: సంత జరిగే ఏ ఊరినైనా మార్కెట్ టౌన్ అనొచ్చా?
(డిగ్రీ విద్యార్థిని, తెనాలి)

జ: అనకూడదమ్మా. మన దగ్గర నలుగురు మనుషులు చింతచెట్టు కింద గంపలు దించితే సంత మొదలైనట్టే. అక్కడ సంత పెట్టుకోవడం ఒక హక్కు. ఆ హక్కు ఉన్న ఊరి పక్కనే ఇంకో ఊరివాళ్ళు పోటీ సంత పెడితే కోర్టు దాకా పోయేది. వాలింగ్‌ఫర్డ్‌కు పట్టణ హక్కులిస్తూ 1155లోనే రెండో హెన్రీ రాజు పత్రం రాసిచ్చాడు. ఇంత చరిత్ర ఉంది కదా అని పెద్ద నగరం ఊహించుకోకు. 19వ శతాబ్దమంతా ఆ ఊరి జనాభా రెండు మూడు వేలే. మన మండల కేంద్రాలు చాలావాటికి అది ఒక పేటంత.

ఊరి నడిమధ్య సంత చౌకు. దానికి ఒకవైపు 1670లో కట్టిన టౌన్‌హాలు. మన మండువా ఇళ్ళ వసారాకు ఉన్నట్టు కింద వరసగా స్తంభాలు, వాటి మీద మేడ. కింద గోడల్లేవు. వానొస్తే సరుకుతో సహా అక్కడ దూరొచ్చు. పైన పట్టణ పెద్దల సభ. ఆ స్తంభాల కింద నిలబడి పైకి చూస్తే, పాలన అనేది సంత నెత్తిన కూర్చుందన్నమాట అనిపించింది నాకు.

అదే చౌకులో 1856లో ధాన్యం వ్యాపారానికని ప్రత్యేకంగా ‘కార్న్ ఎక్స్చేంజ్’ కట్టారు. కార్న్ అంటే ఇక్కడ మొక్కజొన్న కాదు, గోధుమ, బార్లీ లాంటి గింజలు. మా క్లాసులో ఏటా ఎవరో ఒకరు ఈ పొరపాటు చేసేవాళ్ళు. ఆ హాల్లోకి ధాన్యం బండ్లు రావు. రైతు చిన్న సంచిలో శాంపిల్ తెస్తాడు. కొనేవాడు గుప్పెడు తీసుకుని, వాసన చూసి, నాలుగు గింజలు పళ్ళ కింద నలిపి ధర చెబుతాడు. మిగతా బస్తాలన్నీ ఆ గుప్పెడు మీది నమ్మకంతోనే చేతులు మారతాయి. ఇప్పుడా భవనంలో నాటకాలాడతారు, సినిమాలు వేస్తారు. శుక్రవారం సంత మాత్రం ఇప్పటికీ ఉంది. వెళ్తే పన్నెండు లోపే వెళ్ళు, తర్వాత మంచి చేపలు మిగలవు.

ప్ర: మా తాతగారు కాలవ పడవల మీద ధాన్యం పంపేవారట. ఆ ఊరి నది మీద వ్యాపారం ఎలా ఉండేది?
(రైస్‌మిల్లు యజమాని, తాడేపల్లిగూడెం)

జ: ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నానండీ. మీకు లాకులు తెలుసు కాబట్టి సగం పని తగ్గింది.

వాలింగ్‌ఫర్డ్ నుంచి లండన్‌కు వెళ్ళే ముఖ్యమైన సరుకు మాల్టు. అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, బీరుకు ముడిసరుకు. ఇంట్లో రాగిమాల్టు చేసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. బార్లీని తొట్టెల్లో రెండు మూడు రోజులు నానబెడతారు. నీళ్ళు తీసేసి పొడవాటి హాల్లో నేల మీద జానెడు మందాన పరుస్తారు. గింజ మొలక తీయడం మొదలుపెట్టగానే దానికదే వేడెక్కుతుంది. అలాగే వదిలేస్తే వేళ్ళన్నీ అల్లుకుపోయి చాపలా తయారవుతుంది. అందుకని రాత్రనక పగలనక చెక్కపారలతో తిరగేస్తూ ఉండాలి. ఇనుప పార అయితే గింజ చితుకుతుంది. మొలక సరిపడా వచ్చాక కింద నిప్పున్న బట్టీ మీదకు చేర్చి ఆరబెడతారు. ఎండాకాలం ఈ పని కుదరదు. వేడికి మొలక అదుపు తప్పి బూజు పడుతుంది. కాబట్టి శరదృతువు నుంచి వసంతం దాకానే మాల్టు పని. పొలంలో పని ఉండని చలికాలపు కూలీకి అది తిండిగింజ.

ఇందులో సర్కారువారి వేలు కూడా ఉండేది. 1697 నుంచి 1880 దాకా మాల్టు మీద పన్ను వసూలు చేశారు. ఎప్పుడు గింజ తడుపుతున్నాడో మాల్టు వ్యాపారి ఎక్సైజువాళ్ళకు ముందే చెప్పాలి. ఆఫీసరు కొలబద్ద పట్టుకుని వచ్చి తొట్టెలో ఎంతుందో కొలిచి రాసుకునేవాడు. మీ మిల్లుకు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఇంట్లో ఎంత టెన్షనో, అక్కడా అంతే అయ్యుంటుంది.

బస్తాల్లోకి ఎత్తిన మాల్టు రేవులో వెడల్పాటి అడుగున్న పెద్ద పడవల్లోకి చేరేది. పెద్దవాటిలో వంద టన్నుల పైనే పట్టేది. మోకు కట్టి గట్టు మీద గుర్రాలు లాగేవి. తిరుగు ప్రయాణంలో లండన్ సరుకులు వచ్చేవి. బొగ్గు మాత్రం అటునుంచి కాక ఎగువనుంచి వచ్చేది. 1790లో ఆక్స్‌ఫర్డ్ కాలవ పూర్తయ్యాక మధ్య ఇంగ్లండు గనుల బొగ్గు నేరుగా థేమ్స్‌లోకి దిగింది.

ఇక లాకులు. వాలింగ్‌ఫర్డ్‌కు ఎగువన బెన్సన్‌లోనూ, దిగువన క్లీవ్, గోరింగ్‌లలోనూ 1780ల చివర్లో లాకులు కట్టారు. అంతకుముందు పద్ధతి వింటే మీ తాతగారు కూడా నోరెళ్ళబెట్టేవారు. నదికి అడ్డంగా మిల్లువాళ్ళ గట్టు ఉంటుంది. దానికి కొన్ని తలుపులు. పడవ రాగానే తలుపులెత్తి నీళ్ళు ఒక్కసారిగా వదిలేవారు. కిందికి పోయే పడవ ఆ ఉరవడిలో జారిపోవాలి. పైకి వచ్చే పడవను ఆ నీటికి ఎదురు చక్రమేసి లాగాలి. నీళ్ళు వదిలితే నీటితో తిరిగే మిల్లు ఆగిపోతుంది. కాబట్టి మిల్లువాడికీ పడవవాడికీ రోజూ జగడమే. నీళ్ళు తక్కువున్న వేసవిలో ఎగువవాళ్ళు ఎప్పుడు వదులుతారా అని పడవలు రోజుల తరబడి పడిగాపులు కాసేవి. వాలింగ్‌ఫర్డ్ వంతెన దిగువన కూడా 1838లో ఒక లాకు పెట్టారు గానీ, పడవలే తగ్గిపోయాక 1883లో పీకేశారు.

వంతెన సంగతీ చెప్పాలి. చిన్న ఊరికి చాంతాడంత వంతెన. తొమ్మిది వందల అడుగులు. నది అంత వెడల్పేమీ ఉండదు. వరదొస్తే మునిగే పచ్చికబీళ్ళను కూడా దాటాలి కదా, అందుకే ఆ పొడవు. కొన్ని కమాన్లు మధ్యయుగాల నాటివి. 1809 వరదకు కొన్ని దెబ్బతింటే తర్వాత మళ్ళీ కట్టారు. కిందికి దిగి చూస్తే పాతరాయీ కొత్తరాయీ తేడా తెలిసిపోతుంది.

ప్ర: బ్లాక్‌స్టన్ ఆ ఊరివాడేనా? అప్పటి ఎన్నికలు ఎలా జరిగేవి?
(న్యాయవాది, గుంటూరు)

జ: పుట్టింది లండన్‌లోనండీ, స్థిరపడింది ఇక్కడ. ఇంగ్లీషు చట్టాల మీద మీరంతా ఇప్పటికీ కోట్ చేసే ఆ వ్యాఖ్యానాలు రాసిన న్యాయమూర్తి సర్ విలియం బ్లాక్‌స్టన్ సమాధి నది పక్కనున్న సెయింట్ పీటర్స్ చర్చిలో ఉంది. పోయింది 1780లో. ఆ చర్చి శిఖరం సన్నగా, జాలీ అల్లినట్టు, గాలి ఆడేలా ఉంటుంది. వంతెన మీద నడిచేటప్పుడు ముందు కళ్ళకు తగిలేది అదే.

ఎన్నికలంటారా, ఓటుకు నోటు మన సొంత ఆవిష్కరణ అనుకోకండి. ఇంత చిన్న ఊరు 1832 దాకా ఇద్దరు ఎంపీలను పంపేది. ఓట్లు కొన్ని వందలు, కొనడం తేలిక. లంచాలకు ఆ ఊరు బాగా పేరు పడింది. 1832 సంస్కరణల్లో ఒక సీటు పోయింది, 1885లో రెండోదీ పోయింది.

ప్ర: విత్తనం వేసే యంత్రం ఆ ప్రాంతంలోనే కనిపెట్టారని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. నిజమేనా? అక్కడి కూలీల బతుకెలా ఉండేది?
(రైతు, వినుకొండ)

జ: పుస్తకంలో ఉన్నది సగం నిజం. వాలింగ్‌ఫర్డ్ వంతెన దాటితే క్రౌమార్ష్. అక్కడి హౌబెరీ పొలంలో జెత్రో టల్ అనే ఆయన 1701 ప్రాంతంలో గింజలను వరసల్లో వేసే యంత్రం తయారు చేశాడు. అప్పటిదాకా అక్కడ చేత్తో వెదజల్లేవారు.

మాది పల్నాడే. మా నాన్న గొర్రు పట్టుకుంటే, అమ్మ జడ్డిగంలో గింజలు వదులుతూ వెంట నడిచేది. వెదురు గొట్టాల్లోంచి మూడు సాళ్ళలో గింజ పడేది. చేతి లెక్క తప్పితే మొలకల్లో బయటపడుతుంది. “ఈ సాలు ఎవరిది, నిద్దరోయారా?” అని నాన్న ఎగతాళి చేసేవాడు. ఆ గొర్రు టల్ కంటే ఎంత ముందుదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 18వ శతాబ్దం చివర హాల్కాట్ అనే ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ దక్షిణాదిన పొలం గట్టున పోతూ గొర్రును చూశాడు. ఇది యూరపులో ఈమధ్యే కనిపెట్టిన వస్తువనుకున్నానే అని ఆశ్చర్యపోతూ లండన్‌కు రాశాడు. మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి, పరీక్షలో రాయకపోయినా ఫర్వాలేదు.

కూలీల సంగతికొస్తే, చలికాలంలో వాళ్ళను బతికించే ఇంకో పని కల్లంలో బార్లీ, గోధుమ నూర్చడం. నూర్పిడి యంత్రాలొచ్చి ఆ పనిని లాక్కున్నాయి. 1830 నవంబరులో బార్క్‌షైర్ అంతటా కూలీలు గుంపులుగా తిరిగి యంత్రాలు పగలగొట్టారు. క్రౌమార్ష్‌లో కూడా పగిలింది. ఆ యంత్రం ఆసామి అంతకుముందే పక్క ఊరి ఉమ్మడి భూములకు కంచె వేయించాలని పట్టుబట్టినవాడు. ఆవును మేపుకునే బీడు పోతుంది, చలికాలపు కూలీ పోతుంది, ఇంక ఏం మిగిలిందని కోపం ఆపుకుంటారు?

తర్వాత 1834లో కొత్త పేదల చట్టం వచ్చింది. మరుసటి ఏడే చుట్టుపక్కల గ్రామాలన్నిటినీ కలిపి వాలింగ్‌ఫర్డ్‌కు ఒక పేదల యూనియన్ కట్టారు. దానికో వర్క్‌హౌస్. పని లేనివాళ్ళకు తిండి పెడతారు గానీ మొగుణ్ణి ఒక వైపు, పెళ్ళాన్ని ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు ఉంచేవారు. కావాలనే అలా ఏర్పాటు చేశారు, మరీ గతిలేనివాడు తప్ప ఇంకెవరూ గడప తొక్కకుండా.

ప్ర: రైలు వచ్చాక ఊరు బాగుపడిందా?
(రిటైర్డ్ గార్డు, విజయవాడ)

జ: మీకు శ్రీకాకుళం రోడ్ స్టేషను గుర్తుందా? పేరులో శ్రీకాకుళం, దిగేది ఆమదాలవలసలో. అచ్చం అలాగే 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే లండన్ నుంచి ఇటుగా వేసిన లైను వాలింగ్‌ఫర్డ్‌ను తాకకుండా సుమారు మూడు మైళ్ళ అవతలినుంచి పోయింది. స్టేషనుకు ‘వాలింగ్‌ఫర్డ్ రోడ్’ అని పేరు పెట్టి సరిపెట్టారు.

లండన్‌కు సరుకు కొన్ని గంటల్లో పోతుంటే రోజుల తరబడి పడవెవరు చూస్తారు? రేవు పలచబడింది, గుర్రపు కోచీలు ఆగే సత్రాల్లో సందడి తగ్గింది. ఊరివాళ్ళు పట్టు వదలకుండా 1866లో బ్రాంచి లైను తెచ్చుకున్నారు. దాన్ని వాట్లింగ్టన్ దాకా పొడిగించాలని ఆశ. అది జరగలేదు. పట్టాలు వాలింగ్‌ఫర్డ్‌లోనే ఆగిపోయాయి. ఆ చిన్న రైలును జనం ముద్దుగా ‘బంక్’ అనేవారు. 1959లో ప్రయాణికుల బండ్లు ఆపేశారు గానీ, రైలు పిచ్చి ఉన్న వాలంటీర్లు ఇప్పటికీ కొన్ని రోజుల్లో నడుపుతున్నారు. మీరొస్తే మీకు జెండా ఇస్తారేమో!

మెయిన్ లైను పడిన రెడింగ్‌ను చూడండి. 1801లో పదివేల లోపు జనం, వందేళ్ళకు డెబ్బై వేల పైన. వాలింగ్‌ఫర్డ్ ఉన్నచోటే ఉంది. పాత వీధులు, స్తంభాల టౌన్‌హాలు ఇవాళ నాలాంటివాడు చూడ్డానికి మిగిలాయంటే అందుకే. అప్పటి దుకాణదారు మాత్రం దీన్ని అదృష్టం అని ఉండడు.

గార్డుగారు కాబట్టి ఇంకొకటి. రైలుకు ముందు ఏ ఊరి గడియారం ఆ ఊరి సూర్యుణ్ణి బట్టే. వాలింగ్‌ఫర్డ్ పగలు లండన్ కంటే సుమారు నాలుగున్నర నిమిషాలు వెనక. 1840లోనే ఆ రైల్వే తన స్టేషన్లన్నిటికీ లండన్ టైము పెట్టేసింది. దేశమంతటికీ చట్టంగా మారింది 1880లో. మన రైళ్ళు చాలాకాలం మద్రాసు టైము మీద నడిచాయని మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు.

నది మాత్రం ఖాళీగా లేదు. 1888 నుంచి ఆక్స్‌ఫర్డ్, కింగ్‌స్టన్ మధ్య ఆవిరి పడవలు టూరిస్టులను తిప్పడం మొదలుపెట్టాయి. మాల్టు బస్తాలు పోయిన దారినే గొడుగులూ టోపీలూ వచ్చాయి.

ప్ర: పక్కనే నది ఉంటే ఆ ప్రాంతానికి నీళ్ళ కరువే ఉండదు కదా? మన దేశంతో ఆ ఊరికి ఏమైనా సంబంధం ఉందా?
(టీచరు, ఆదోని)

జ: రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు, టీచరుగారూ. ఆదోని నుంచి నీళ్ళ ప్రశ్న రావడం కూడా బాగుంది.

నది ఒడ్డున ఉన్నవాళ్ళకు కరువు లేదు. కానీ ఐదారు మైళ్ళు తూర్పుకు పోతే చిల్టర్న్ గుట్టలు. అడుగున అంతా సుద్ద. పడిన వాన పడినట్టే ఇంకిపోతుంది. బావి తవ్వాలంటే వందల అడుగులు దిగాలి. పేదవాళ్ళకు ఎక్కడవుతుంది? వాన నీళ్ళు నిలిచే మట్టి గుంటలే గతి. ఆ గుట్టల మీద స్టోక్ రో అనే పల్లె ఉంది.

ఆ పక్క ఊరు ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ మన దేశంలో కంపెనీ కొలువులో చాలా ఏళ్ళు పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో ఒక బావి తవ్వించాడు. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు స్నేహితుడు. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక తల్లి కొడుకును కొట్టిన సంగతి, తన ఊరివైపు జరిగింది, ఆయన రాజుగారికి చెప్పాడట. రాజుగారు దాన్ని మనసులో పెట్టుకున్నారు. తర్వాత రోజుల్లో, మీ ఊళ్ళో బావి నేను తవ్విస్తాను అన్నారు.

ఆ పని అప్పగించింది ఎవరికనుకున్నారు? వాలింగ్‌ఫర్డ్‌లోని వైల్డర్ల ఫౌండ్రీకి. మామూలుగా చుట్టుపక్కల రైతులకు వ్యవసాయ పనిముట్లు పోత పోసే కార్ఖానా అది. 1863లో తవ్వడం మొదలైంది, అంతా చేత్తోనే. లోతు 368 అడుగులు. మా ఊళ్ళో బావి లోతు నిలువుల్లో చెబుతారు. ఆ లెక్కన అరవై నిలువుల పైన. వెడల్పు నాలుగే అడుగులు, అడుగున ఒక మనిషి వంగితే ఇంకొకడికి చోటుండదు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, తెరిచారు. ఖర్చు 350 పౌండ్ల పైచిలుకు, మొత్తం రాజుగారిదే. నీళ్ళు అందరికీ ఎప్పటికీ ఉచితం. బావి చూసుకునే మనిషికి పక్కనే చిన్న ఇల్లు, ఆయన ఖర్చుకు ఆదాయం రావాలని ఒక చెర్రీ తోట కూడా వేయించారు.

నేను చూసింది మా అల్లుడి కారులో వెళ్ళి. ఇంగ్లీషు పల్లె వీధిలో, పెంకుటిళ్ళ మధ్య, హఠాత్తుగా కాశీ నుంచి ఊడిపడ్డట్టు ఇనుప స్తంభాల మీద గుమ్మటం. దాని కింద నీళ్ళు తోడే పళ్ళచక్రాల యంత్రం, ఆ యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. చుట్టూ తిరిగి చూశాను. ఏనుగు మరీ ముద్దుగా ఉంది, అసలు ఏనుగును చూసినవాడు చేసినట్టు లేదు అన్నాడు మా అల్లుడు. నాకైతే నచ్చింది.

చేద అడుగు నుంచి పైకి రావడానికి పది నిమిషాలు పట్టేది. ఒక్క చేదకు! చదవడం వేరు, తెలుసుకోవడం వేరు కదా అని, అల్లుడి ఫోన్లో టైమరు పెట్టించి గుమ్మటం కింద ఊరికే నిలబడ్డాను. ఐదో నిమిషానికి మా మనవరాలు చెయ్యి పట్టి లాగింది, “తాతయ్యా, ఐస్‌క్రీం అన్నావుగా, పద.” ఆగమ్మా, చేద ఇంకా సగంలోనే ఉంది అన్నాను.